చుక్కాని ఎవరి చేతిలో?



“ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి” అంటారు. న్యాల్‌కల్‌లో బండి తెలియని ఆడమనిషి ఉండదు. ఓడను చూసినవాళ్లు మాత్రం తక్కువ. సముద్రం ఇక్కడికి చాలా దూరం. కానీ మంజీర దగ్గరే ఉంది. ఏటి మీద పుట్టి ఉంది. అందుకే ఓడ భాగాల సంగతి తెలుసుకోవాలి. బండి తెలిసినవాళ్లకు ఓడ కష్టమేమీ కాదు.

ఓడ అడుగున, ముందు నుంచి వెనక దాకా ఒక గట్టి దూలం ఉంటుంది. దాన్ని కీల్ అంటారు. ఇంటికప్పుకు దూలం ఎట్లనో, ఓడకు అది అట్ల. మిగతా కొయ్యలన్నీ దానికే బిగిస్తారు.

ఓడ మీద నిలువుగా నిలబెట్టిన పొడుగాటి కొయ్య తెరచాప కొయ్య. దానికి కట్టే పెద్ద గుడ్డ తెరచాప. గాలికి కొంగు ఉబ్బడం చూశారు కదా! తెరచాప కూడా అట్లనే ఉబ్బుతుంది. ఆ బలంతో ఓడ కదులుతుంది. తెరచాపను లాగడానికి, వదలడానికి మోకులు ఉంటాయి. గాలి ముదిరితే తెరచాపను కొంత దించుతారు.

తెలుగు నేలకు ఓడ కొత్తది కాదు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంది. అవి సుమారు 1,800 ఏళ్ల కిందటివి.

బండి కదలకుండా చక్రం కింద రాయి పెడతారు. ఓడ కదలకుండా లంగరు వేస్తారు. లంగరు అంటే పెద్ద ఇనుప కొక్కెం. గొలుసు కట్టి నీళ్లలోకి వదిలితే అడుగున నేలను పట్టుకుంటుంది.

ఇక చుక్కాని. ఎద్దులకు పగ్గం ఎట్లనో, ఓడకు చుక్కాని అట్ల. ఓడ వెనక నీళ్లలో ఉండే పలక అది. దాన్ని ఒక పక్కకు తిప్పితే పారే నీళ్లు దాన్ని నెడతాయి. ఓడ మళ్లుతుంది. చూస్తే చిన్న పలక. అంత పెద్ద ఓడ దాని మాట వింటుంది!

మరి ఆ చుక్కాని ఆడవాళ్లు పట్టగలరా? పట్టారు.

భారత నౌకాదళానికి తారిణి అనే తెరచాప పడవ ఉంది. పొడవు సుమారు 55 అడుగులు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు ఆడవాళ్లు దాని మీద బయలుదేరారు. వెంట మగవాళ్లు ఒక్కరూ లేరు. నాయకురాలు వర్తికా జోషి. ఆ ఆరుగురిలో ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాద్ బిడ్డ. పి. స్వాతిది విశాఖపట్నం. పసిఫిక్ సముద్రంలో ఇంటి కన్నా ఎత్తున అలలు లేచాయి. దారిలో చుక్కాని తిప్పే సామాను పాడైంది. మారిషస్ దీవిలో ఆగి బాగు చేయించుకున్నారు. భూమి చుట్టూ దాదాపు 40 వేల కిలోమీటర్లు తిరిగి, 2018 మే 21న గోవా చేరారు.

ఇప్పుడు మంజీర పుట్టిని చూడండి. దానికి కీల్ లేదు. తెరచాప లేదు. చుక్కానీ లేదు. తెడ్డు ఒక్కటే ఉంది. గుండ్రంగా ఉంటుంది కాబట్టి గిర్రున తిరుగుతుంది. అందరూ ఒక పక్కకు ఒరిగితే బోల్తా పడుతుంది. అందుకే ఈ జాగ్రత్తలు మరవకండి.

ఏరు పొంగుతుంటే పుట్టి ఎక్కకండి.
మనుషులు ఎక్కువైతే ఎక్కకండి.
మధ్యలో కింద కూర్చోండి. లేచి నిలబడకండి.
లైఫ్ జాకెట్ ఉంటే తొడుక్కోండి. పిల్లలకు ముందు తొడగండి.

“ఏం కాదులే, ఎక్కమ్మా” అని ఎవరైనా తొందరపెడతారు. అప్పుడు “వద్దన్నా, నీళ్లు తగ్గినంక వస్తాం” అని గట్టిగా చెప్పండి. పుట్టికి చుక్కాని లేకపోయినా, ఎక్కాలా వద్దా అనేది మీ చేతిలోనే ఉంది.

ఈ మాటలు పలక మీద రాయండి: కీల్, తెరచాప, మోకు, లంగరు, చుక్కాని, తెడ్డు. ఇంటికి పోయి పిల్లలకు చదివి చెప్పండి.