తీగ నుండి గాజునూలు దాకా
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. ముప్పైయెనిమిదేళ్ళు టెలిఫోను ఉద్యోగంలో స్తంభాలెక్కి, గుంటల్లో దిగి, తెగిన తీగలు కలిపి రిటైరయినవాణ్ణి. ఉగాదినాడు కవిత్వం చెప్పగలవారు మనలో ఎందరో ఉండగా నన్నెందుకు పిలిచారని కార్యదర్శిగారిని అడిగాను. “ఇంటర్నెట్టు పెడతామని రోజుకొకడు తలుపు కొడుతున్నాడండీ. ఎవరి మాట నమ్మాలో మీరు చెప్పండి” అన్నారు. సరే, నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేస్తాను. అయితే నా కథ ఇంటర్నెట్టుతో మొదలు కాదు, ట్రంకు కాలుతో మొదలవుతుంది.

మన తాతతండ్రులు మగ్గం నమ్ముకొని తెలంగాణ పల్లెలనుండి ఈ షోలాపురం వచ్చినవారు. బంధువులంతా అక్కడ, బ్రతుకు ఇక్కడ. మధ్యన ఉత్తరం, టెలిగ్రాం, ట్రంకు కాలు. ట్రంకు కాలులో మూడు తరగతులుండేవి: ఆర్డినరీ, అర్జంటు, లైట్నింగు. అర్జంటుకు రెట్టింపు సొమ్ము, లైట్నింగుకు ఇంకా ఎన్నో రెట్లు. 1979లో సిరిసిల్లలోని మా మేనత్తకు జబ్బుగా ఉందని కార్డు వచ్చింది. ఆమె యింటి పక్కన నూలు వ్యాపారి దుకాణంలో ఒక ఫోను ఉండేది. మా నాన్నగారు ఉదయం పది గంటలకు ఆర్డినరీ కాలు బుక్ చేశారు. అంతకు మించిన తరగతికి ఆయన చేతిలో డబ్బు లేదు. లైను రాత్రి తొమ్మిదింటికి కలిసింది. “అమ్మ సాయంత్రమే పోయింది” అన్నాడు దుకాణదారు. నాన్నగారు రిసీవరు చెవి దగ్గర అలాగే పట్టుకొని నిలబడ్డారు. ఒక్క మాటయినా రాలేదు. కాసేపటికి ఆపరేటరు, “మూడు నిమిషాలయినవి, పొడిగించమంటారా?” అని అడిగాడు. నేను అదే కొలువులో ఉండి కూడా చేయగలిగింది ఏమీ లేకపోయింది.

అప్పుడు లోపం ఎక్కడ ఉండేది? ఊరికీ ఊరికీ మధ్య ఉన్న దారులు చాలా కొద్ది. వాటికోసం కాచుకునేవారు వేలు. ఆ కొరత తరువాతి కాలంలో తీరింది. 1960లో లక్నో, కాన్పూరుల మధ్య మొదలైన ఎస్.టి.డి. క్రమంగా దేశమంతటా వ్యాపించింది. 1984లో స్థాపించిన సి-డాట్ సంస్థ మన ఎండకూ దుమ్ముకూ తట్టుకొనే చిన్న ఎక్స్ఛేంజీలను తయారుచేసింది. పసుపు పచ్చని ఎస్.టి.డి. బూతులు వీధి వీధినా వెలిశాయి. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గుతుందని బూతు ముందు బెంచీ మీద వరుసగా కూర్చున్న రోజులు మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటాయి. పెద్ద ఎక్స్ఛేంజీల మధ్య గాజుతీగలు కూడా పడ్డాయి. ఆ విధంగా రాజబాట వెడల్పయింది. కాని ఎక్స్ఛేంజి నుండి మన గడప దాకా వచ్చే సందు మాత్రం ఇరుకుగానే మిగిలిపోయింది. ఈ ముప్పైయేళ్ళ ఇంటర్నెట్టు కథంతా ఆ సందును వెడల్పు చేసిన కథేనని నా మనవి.

ఆ సందులో ఉన్నది మెలివేసిన రెండు రాగి తీగలు. పక్క జంటలోని మాట ఇందులో వినపడకుండా ఉండేందుకే ఆ మెలిక. మనిషి గొంతు అవతలివారికి తెలియాలంటే సెకనుకు 300 నుండి 3,400 కంపనాల వరకు పంపితే చాలునని లెక్క కట్టి లైన్లు ఏర్పాటు చేశారు. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారు ఇంటర్నెట్టును ప్రజలకు తెరిచినప్పుడు అది ఈ తీగమీదనే వచ్చింది. మోడెం అనే పెట్టె అంకెలను కూతగా మార్చి, గొంతు పోయే ఆ ఇరుకు దారిలోనే పంపేది. ఎంత మంచి మోడెమయినా సెకనుకు 56 వేల బిట్లు దాటలేకపోయేది, ఆమాత్రమూ అరుదు. 33 వేల చిల్లర వేగంతో ఒక మెగాబైటు ఫొటో రావడానికి సుమారు నాలుగు నిమిషాలు. అంతసేపూ ఇంటి ఫోను ఎంగేజి.

ఆ తరువాత వచ్చినది డి.ఎస్.ఎల్. ఇందులోని యుక్తి చాలా సులభం. గొంతుకు కావలసినది 3,400 లోపు గదా, అదే రాగి తీగ పది లక్షల కంపనాల వరకు కూడా ఎంతోకొంత మోయగలదు. కాబట్టి అడుగు అంతస్తు మాటకు ఉంచి, పై అంతస్తులన్నీ ఇంటర్నెట్టుకు ఇచ్చారు. రెండూ కలిసిపోకుండా గోడకు ఒక చిన్న స్ప్లిట్టరు. ఫోను మాట్లాడుతూనే కంప్యూటరు వాడుకోవచ్చు. ఇళ్ళలో పంపేదానికంటె తెచ్చుకునేది ఎక్కువ గనుక, రావడానికి వెడల్పు దారి, పోవడానికి సన్న దారి. 2004 నాటి ప్రభుత్వ విధానం 256 కిలోబిట్లు దాటితే బ్రాడ్‌బాండు అన్నది. మరుసటి ఏడే బి.ఎస్.ఎన్.ఎల్. ఆ సేవను మొదలుపెట్టింది. నాలుగు నిమిషాల ఫొటో అర నిమిషంలో రాసాగింది.

కాని రాగికి రెండు జబ్బులున్నవి. దూరం పెరిగినకొద్దీ పై అంతస్తులు కూలిపోతాయి. ఎక్స్ఛేంజి పక్క ఇంటికి పరుగెత్తే ఇంటర్నెట్టు అయిదు కిలోమీటర్ల అవతల ఇంటికి కుంటుతుంది. రెండవది తడి. వాన పడ్డ మర్నాడు డీపీ పెట్టె తెరిస్తే జాయింటులో పచ్చగా చిలుము, ఫోనులో గరగర. నా ఉద్యోగంలో సగం ఆ చిలుముతో యుద్ధమే. కేబులు టీవీ తీగ మీద ఇంటర్నెట్టు ఇచ్చినవారూ ఉన్నారు. ఆ తీగ రాగిజంటకంటె సమర్థమైనదే. అయితే వీధి వీధంతా దాన్ని పంచుకోవడంవల్ల సాయంత్రం అందరూ కూర్చునే వేళకు మందగించేది.

ఇంతలో చేతి ఫోను వచ్చింది. 1995లో మొదలైనప్పుడు నిమిషానికి 16 రూపాయల దాకా వసూలు చేసేవారు. మనకు ఎవరైనా చేసినా మనమే చెల్లించాలి! 2003లో వచ్చే కాళ్ళు ఉచితమయ్యాయి. 2006 మార్చిలో దేశంలో ఎక్కడికైనా నిమిషానికి ఒక్క రూపాయి అనే పథకం వచ్చింది. వలస కుటుంబాలకు అది చిన్న సంగతి కాదు. షోలాపురం నుండి సిరిసిల్లకూ, పక్కవీధికీ ఒకటే ధర అయింది! 2011లో నెంబరు మారకుండా కంపెనీని మార్చుకునే హక్కు వచ్చింది. 2016లో చౌక 4జీ వచ్చి, ఎన్నడూ కంప్యూటరు ముట్టని ముసలమ్మ చేతిలోకి ఇంటర్నెట్టు చేరింది. 2022లో 5జీ మొదలైనది. అయితే గాలిలో వచ్చేది కూడా పంచుకునేదే. దగ్గరి టవరు కింద వెయ్యిమంది ఉంటే ఆ వెయ్యిమందీ వాటాదారులు.

ఇక గాజుతీగ సంగతి. నేతపని వారి బిడ్డలం గనుక దీన్ని గాజునూలు అంటాను. వెంట్రుక మందం. ఇందులో విద్యుత్తు ప్రవహించదు, వెలుగు ప్రవహిస్తుంది. గాజులోని మాలిన్యం తీస్తే వెలుగు బహుదూరం పోగలదని 1966లో చార్లెస్ కావ్ అనే శాస్త్రజ్ఞుడు ఇంగ్లండులో వాదించాడు. నలభై మూడేళ్ళకు, 2009లో, ఆయనకు నోబెల్ బహుమానం లభించింది. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ తీసిన దారంలో కిలోమీటరు దాటాక నూటికి రెండు వంతుల వెలుగు మిగిలింది. అంతకుముందు అదీ లేదు. ఇప్పటి దారంలో నూటికి 95 వంతులు మిగులుతుంది. ఎక్స్ఛేంజి నుండి ఒక దారం బయలుదేరి, కరెంటు అక్కరలేని చిన్న పెట్టెలో చీలి 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో వెలుగును పంచుతుంది. సెకనుకు 250 కోట్ల బిట్లు అందరికీ కలిపి. మన నాలుగు నిమిషాల ఫొటో వంద మెగాబిట్ల కనెక్షనులో కనురెప్ప పాటులో వస్తుంది. చిలుము లేదు, వాన బాధ లేదు. తెలంగాణలో మిషన్ భగీరథ మంచినీటి గొట్టాలకోసం తవ్విన కందకాలలోనే ఈ దారానికీ గొట్టాలు పరిచారు. ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు స్తంభాల మీదుగా లాగి, 2017లో నెలకు 149 రూపాయలతో ఇళ్ళకు ఇవ్వసాగారు.

ఇప్పుడు కార్యదర్శిగారి ప్రశ్నకు వస్తాను. మీ వీధిలోకి గాజుతీగ వచ్చి ఉంటే అదే తీసుకోండి. తలుపు కొట్టినవాణ్ణి కొన్ని సంగతులు అడగండి. “వంద వరకు” అంటే ఎప్పుడూ వంద కాదు, “వరకు” అన్న మాట మరవకండి. వాడు చెప్పేది బిట్లలో, మీ ఫోనులో కనిపించేది బైట్లలో; వందను ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర, అది మోసం కాదు. నెలకు ఎంత వాడాక వేగం తగ్గిస్తాడో, చెప్పిన ధరలో 18 శాతం పన్ను కలిసిందో లేదో కాగితం మీద చూడండి. వెనక గదిలో రాకపోతే కంపెనీని తిట్టే ముందు పెట్టెను ఇంటి నడుమకు జరిపి చూడండి. మందపు గోడలు వైఫైని తినివేస్తాయి. ఫిర్యాదు చేస్తే దాని నెంబరు రాసుకోండి. తీరకపోతే ఆ కంపెనీలోనే అప్పీలు వినే అధికారి ఉంటాడు. అతడికి రాయడానికి ఆ నెంబరే ఆధారం. ఇంకొకటి. పాత రాగి ఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజి నుండే వచ్చేది. ఊరంతా చీకటయినా మోగేది. గాజుతీగ పెట్టెకు మన ఇంటి కరెంటు కావాలి. ముసలివారు ఒంటరిగా ఉండే ఇంట్లో దానికొక చిన్న బ్యాటరీ తప్పక పెట్టించండి.

సాంకేతికమైన మాట ఇంతటితో అయిపోయింది. ఒక ఇంటి మాట చెప్పి ముగిస్తాను.

మా ఇంట గాజుతీగ పెట్టించిన రోజున సిరిసిల్లలో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయికి వీడియో కాలు చేసి మనవడి చేతికిచ్చాను. “ఏం బిడ్డా, తిన్నవా? బడికి పోతున్నవా?” అని అన్నయ్య ఆప్యాయంగా అడిగాడు. పిల్లవాడు నా మొహం చూశాడు. మరాఠీ వచ్చు, హిందీ వచ్చు, ఇంగ్లీషు వచ్చు. మూడు నిమిషాలు కాదు, ముప్పై నిమిషాలయినా అడిగేవాడు లేడు, ఖర్చు లేదు. ఒక్క మాట రాలేదు. ఆనాటి మా నాన్నగారి నిలుపు నాకు గుర్తుకొచ్చింది. ఆయన దుఃఖంచేత మాట్లాడలేకపోయారు. వీడు భాష లేక మాట్లాడలేకపోయాడు. ఆ తప్పు పిల్లవాడిది కాదు, నాది.

అప్పటినుండి ఒక పని పెట్టుకున్నాం. ప్రతి ఆదివారం ఫోను చేసి వాడు తాతను తెలుగులో ఒక్క ప్రశ్న అడగాలి. మొదటి వారం “పడుగు అంటే ఏంది తాతా?” అన్నాడు. అన్నయ్య ఫోను పట్టుకొని మగ్గాల షెడ్డులోకి నడిచి పడుగు చూపించాడు, పేక చూపించాడు, నాడెను చేతిలోకి తీసి తిప్పి చూపించాడు. మన ఊళ్ళో వేల మగ్గాలుండగా ఎన్నడూ తిరిగి చూడని మావాడు నోరు తెరుచుకొని చూశాడు. ఇప్పుడు వాడి పుస్తకంలో నలభైకి పైగా మాటలున్నవి. వంకర టింకరగా, తెలుగు అక్షరాలతో వాడే రాసుకున్నాడు.

ఈ సంవత్సరం మన సంఘం తరఫున ఇదే పని పది ఇళ్ళలో మొదలుపెడదామని నా ప్రార్థన. వచ్చే ఉగాదికి ఆ పిల్లలు రాసుకున్న మాటలను ఈ సంచికలోనే అచ్చు వేద్దాం. తీగ పెట్టించుకోవడంలో ఎవరికి ఏ సాయం కావాలన్నా నేనున్నాను, నిచ్చెన ఎక్కడం ఇంకా మరచిపోలేదు.