రోగి చూపించే ఫోను

యువ వైద్యులారా,

ఇకపై మీ ఓపీకి వచ్చే రోగి కొడుకు ఫోను మీ ముందు పెట్టి, "సార్, ఇదే జబ్బున్నవాళ్ల గ్రూపులో ఈ మందు బాగా పనిచేస్తోందంటున్నారు" అంటాడు. బయట వరండా నిండా జనం ఉంటారు. అయినా విసుక్కోకండి, తీసుకుని చదవండి.

2007లో అమెరికాలో డేవ్ డిబ్రాంకార్ట్ అనే ఆయనకు కిడ్నీ క్యాన్సర్ బయటపడింది. అప్పటికే ఊపిరితిత్తులకు పాకింది. ఆయన డాక్టరు డానీ శాండ్స్ తానే, ఆన్‌లైన్‌లో ఏకార్ అనే క్యాన్సర్ రోగుల సమూహంలో చేరమన్నారు. ఏ మందు గురించి అడగాలో, దాని దుష్ప్రభావాలకు ఎలా సిద్ధపడాలో అక్కడివాళ్లు చెప్పారు. నయం చేసింది ఆసుపత్రి వైద్యమే. కానీ ఆ వైద్యాన్ని తట్టుకునే ధైర్యం, అది అనుభవించినవాళ్ల దగ్గర దొరికింది.

మరి తప్పుడు ఆశ పుడితే? 2008లో ఇటలీ పరిశోధకులు లిథియం ఏఎల్ఎస్ వ్యాధి వేగాన్ని తగ్గిస్తుందన్నారు. కండరాలను క్రమంగా చచ్చుబడేలా చేసే జబ్బది. పేషెంట్స్‌లైక్‌మి అనే వేదికలోని కొందరు రోగులు ఆ మందు మొదలుపెట్టి, తమ పరిస్థితిని అక్కడే నమోదు చేస్తూ వచ్చారు. అలా 149 మంది వివరాలను, మందు వాడని అలాంటి రోగుల వివరాలతో పోల్చి చూస్తే ప్రయోజనమేమీ లేదని తేలింది. 2011లో నేచర్ బయోటెక్నాలజీ దాన్ని ప్రచురించింది. బతుకు మీద ఆశతో మందు మింగినవాళ్లే, అది పనిచేయదని లోకానికి రుజువిచ్చారు. వాళ్లకు మన వృత్తి ఎంతో రుణపడి ఉంది.

మన ఫోన్లలోని గ్రూపుల్లో ఇంత క్రమశిక్షణ అరుదు. గుణం కనిపించినవాళ్లు రాస్తారు, కనిపించనివాళ్లు మౌనంగా తప్పుకుంటారు. అందుకే ఎవరు వాడారు, ఎంత మోతాదు, ఎన్నాళ్లు, పనిచేయనివాళ్లు ఏమయ్యారు అని రోగితో కలిసి అడగండి.

ఇక మీ సొంత గ్రూపుల సంగతి. మీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎక్స్‌రే పెట్టి సలహా అడిగేటప్పుడు రోగి అనుమతి తీసుకోండి. పేరు, ముఖం, ఓపీ నంబరు కనిపించనీయకండి.

మరో కోరిక. ఏజెన్సీలో సికిల్ సెల్ ఉన్న బిడ్డ తల్లికి, ఇంగ్లిష్‌లో ఎన్ని సమూహాలున్నా ఉపయోగం లేదు. మీలో నలుగురు కలిసి, అలాంటి తల్లులనే ముందుంచి, తెలుగులో ఒకటి మొదలుపెట్టండి. వాళ్ల ప్రశ్నలకు రోజూ కాసేపు జవాబివ్వండి.