మన సముద్రం, జావా సముద్రం

 

ఇండోనేసియా పాత దయ్యాల సినిమాల గురించి మాట్లాడతానంటే, శింగనమలకూ సముద్రానికీ ఏం సంబంధమని కొందరు నవ్వారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ సీమలో మన పెద్దలు చెరువునే సముద్రమన్నారు. పక్కనున్న బుక్కరాయసముద్రమే సాక్ష్యం. ఇండోనేసియా భాషలోనూ 'సముద్ర' అనే మాట ఉంది.

జావా దక్షిణ తీరంలో న్యీ రోరో కిదుల్ అనే సముద్రపు రాణిని నమ్ముతారు. ఆకుపచ్చ రంగు ఆమెదని, ఆ బట్టలతో అక్కడ నీళ్లలో దిగరు. 1982 నాటి 'న్యీ బ్లోరోంగ్' సినిమాలో ప్రసిద్ధ నటి సుజన్నా నాగకన్యగా నటించింది. ఆ నాగకన్య రాణి కూతురని, సంపద ఇచ్చి బదులు ప్రాణాలు అడుగుతుందని అక్కడి జనం చెప్పుకుంటారు. 1981 నాటి 'సుండెల్ బోలోంగ్'లో సుజన్నాది అత్యాచారానికి గురైన స్త్రీ పాత్ర. కోర్టులో ఆమెకు న్యాయం దక్కదు. చచ్చి దయ్యమై వచ్చి పగ తీర్చుకుంటుంది.

మన ముసలమ్మ కథ మీకు తెలుసు. బుక్కరాయసముద్రం కట్ట తెగబోతుంటే, బసిరెడ్డి చిన్నకోడలు బలి కావాలని అమ్మవారి మాట వినిపించింది. ముసలమ్మ పేరుకే ముసలమ్మ, వయసులో పడుచు. ఊరి కోసం గండిలోకి నడిచిపోయింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1899లో, విద్యార్థిగా ఉన్నప్పుడే, ఈ కథను కావ్యంగా రాశారు.

రెండు చోట్లా నీళ్లు ప్రాణం అడిగాయి. జావా సినిమాలో ఆడమనిషి తిరిగొచ్చి లెక్క అడిగింది. మన ముసలమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. మనం దేవతను చేసి దండం పెట్టుకున్నాం. ఆమె త్యాగం గొప్పదే. కానీ ఆమె అడగని లెక్క మనమైనా అడగాలి కదా.

ఇంజనీరుగా నాకు తెలిసింది చెబుతాను. వచ్చే వరద మరవ మోయగలిగిన దానికంటే ఎక్కువైతే నీళ్లు కట్ట మీదెక్కి పారతాయి. మట్టికట్ట కోసుకుపోతుంది. మరవలో కంప పెరిగినా, పూడిక నిండినా మామూలు వానకే ఆ గతి పట్టొచ్చు. తూము పక్కన ఊట మొదలైతే లోపల్నుంచే మట్టి జారిపోతుంది. వీటిలో ఏదీ బలితో ఆగదు. గడ్డపారతో, తట్టతో, సమయానికి చూసే మనిషితో ఆగుతుంది.

అందుకే రెండు కోరికలు. వానలకు ముందు ఏటా ఒకరోజు మన పూర్వ విద్యార్థులం శింగనమల చెరువు కట్ట పొడవునా నడుద్దాం. మరవ, తూములు చూసి, కనిపించింది రాసి అధికారులకు ఇద్దాం. అయ్యవార్లూ, ముసలమ్మ కథ చెప్పినప్పుడు పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి: ఆ రోజుకు ముందు ఆ కట్టను ఎవరు చూసుకోవాల్సింది?

సెలవు.