గ్రామసభ రికార్డింగు: శబ్దము, చిత్రము, అంకెలు
(ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా!

గ్రామసభ జరుగునప్పుడు సెల్‌ఫోనుతో గాని, కెమెరాతో గాని కార్యక్రమమును రికార్డు చేయుట వాడుకలోనికి వచ్చినది. 2025 ఆగస్టులో కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ ప్రవేశపెట్టిన 'సభాసార్' అను సాధనము అట్టి రికార్డింగునుండి సభాచర్చల మినిట్సును ముసాయిదాగా సిద్ధపరచును. కావున రికార్డింగు చెడినచో పోవునది వేడుక కాదు. సభలో ఒకరు చెప్పుకొన్న కష్టమే మినిట్సులోనికి రాకుండపోవును. అందుచేత ఈ పనిలో వినవచ్చు కొన్ని మాటలను మీకు వివరింపదలచితిమి.

మొదటిది 'డిజిటల్'. డిజిట్ అనగా అంకె. మనిషి మాటలాడినపుడు గాలిలో కలుగు కంపనములను మైకు విద్యుత్తుగా మార్చును. యంత్రము ఆ విద్యుత్తును సెకనుకు వేలమార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా వ్రాసికొనును. ఒక్కొక్క కొలతకు 'శాంపిల్' అని పేరు. ధాన్యపు రాశినుండి పిడికెడు తీసి చూచుట వంటిదే ఇదియు. పూర్వపు టెలిఫోను పద్ధతిలో సెకనుకు 8,000 శాంపిళ్లు. సంగీతపు సీడీలో 44,100. టెలిఫోనులో మాట తెలియును గాని పాట రుచింపకపోవుటకు ఇదియొక కారణము.

ఈ అంకెలన్నియు సున్న, ఒకటి అను రెండు గుర్తులతోనే వ్రాయబడును. అట్టి గుర్తు ఒకటి 'బిట్'. ఎనిమిది బిట్లు ఒక 'బైటు'. ఫోనులోని చోటును బైట్లలోను, ఇంటర్నెట్టు వేగమును బిట్లలోను చెప్పుట ఆనవాయితీ. ఈ తేడా తెలియక మోసపోయితిమని అనుకొనువారు కలరు. సెకనుకు 4 మెగాబిట్ల కనెక్షను పంపగలుగునది అర మెగాబైటు మాత్రమే.

ఇక చిత్రము. చుక్కలు పెట్టి ముగ్గు వేసినట్లు, తెరమీది బొమ్మయు చుక్కలతోనే ఏర్పడును. చుక్కను 'పిక్సెల్' అందురు. 'ఫుల్ హెచ్‌డీ' బొమ్మలో అడ్డముగా 1,920, నిలువుగా 1,080, వెరసి 20,73,600 చుక్కలుండును. సెకనుకు 25 బొమ్మలు, అనగా 'ఫ్రేములు', వరుసగా చూపినచో మన కంటికి కదలికగా తోచును. చుక్కకు మూడు బైట్ల వంతున లెక్కించి చూడుడు: గంట సభకు సుమారు 560 గిగాబైట్లు! మన ఫోనులలో అంత చోటెక్కడిది?

అందుకే 'కంప్రెషన్', అనగా కుదింపు, అవసరమైనది. సభ వెనుకనున్న గోడ కదలదు గదా! దానిని ప్రతి ఫ్రేములోను మరల వ్రాయక, మారిన భాగమునే వ్రాసికొందురు. కంటికి అంతగా తెలియని వివరములను విడిచివేయుదురు. ఈ పనిచేయు విధానమే 'కోడెక్'. సెకనుకు 5 మెగాబిట్ల వంతున కుదించినచో గంట సభ సుమారు 2.25 గిగాబైట్లలో ఇముడును. అయితే విడిచిన వివరము తిరిగి రాదు. మెసేజి యాప్‌లో వీడియోను పంపునపుడు అది మరియొకమారు కుదింపబడుట సామాన్యము. అసలు ఫైలును అట్లే పంపవలెనన్నచో 'డాక్యుమెంటు'గా పంపుట మేలు.

చిత్రముకంటె శబ్దము ముఖ్యమని మా అభిప్రాయము. ముఖము మసకబారినను మినిట్సుకు లోటు రాదు; మాట వినబడనిచో తీర్మానమే తారుమారగును. ఆరుబయట దూరము రెట్టింపైనపుడు శబ్దము సుమారు ఆరు డెసిబెళ్లు తగ్గును. వేదికమీద పెట్టిన ఫోను సర్పంచిగారి మాటను చక్కగా పట్టును. వెనుక వరుసలో నిలిచి తన పింఛను సంగతి చెప్పు ముసలమ్మ మాట దానికి అందదు. అందని మాటను ఏ సాఫ్టువేరును పిదప తెచ్చి ఈయజాలదు. చేతికి చేయి అందించుకొను మైకు ఒకటి ఉండవలెను. మాటలాడువారు ముందు తమ పేరు చెప్పవలెను. ఫ్యాను, జనరేటరు మైకుకు దూరముగా నుండవలెను.

యంత్రము వ్రాసిన ముసాయిదాలో మనుష్యుల పేర్లు, సర్వే నంబర్లు, రూపాయల మొత్తములు తప్పుగా పడు అవకాశము కలదు. కార్యదర్శి రికార్డింగును మరల విని, వీనిని సరిచూచిన పిమ్మటనే సంతకములు చేయుడు. అసలు ఫైలుకు గ్రామము పేరు, తేదీ పెట్టి, రెండు వేర్వేరు చోట్ల భద్రపరచుడు. ఫోనులో ఒకటి, కార్యాలయపు కంప్యూటరులో ఒకటి ఉన్నను చాలును.