మన్యపు పసుపు - మోకాలి నొప్పి

అరకు, పాడేరు సంతలకు కొండదారిన బరువులు మోసికొని దిగివచ్చు పెద్దలను చూచినవారికి, మోకాలి అరుగుదల పట్నవాసుల జబ్బు మాత్రమే కాదని వేరుగ చెప్పనక్కరలేదు. ఆ బరువులలో పసుపు ఒకటి. మన్యపు రైతులు పెక్కుచోట్ల దుంపను రెండేండ్లు భూమిలో నుంచి త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి అమ్ముదురు. పసుపు సారము ఇపుడు మాత్రల రూపమున, కీళ్ళనొప్పికని చీటి అంటించుకొని, మందుల దుకాణములలో కనిపించుచున్నది.

ఇంట పసుపు ఉండగా మాత్ర ఏల అని కొందరందురు. లెక్క చూతము. పసుపునకు రంగునిచ్చు కుర్కుమిన్ పొడిలో సుమారు నూటికి 3 పాళ్ళు. వంగడమును బట్టి హెచ్చుతగ్గు లుండును. 3 గ్రాముల పొడిలో 90 మిల్లీగ్రాములన్నమాట. ఇక పప్పులో వేయు చిటికెడు మాట చెప్పనేల! అదియు ఒంటికి పట్టుట స్వల్పము. 2 గ్రాముల కుర్కుమిన్‌తో మిరియపు సారమైన పైపరిన్ 20 మిల్లీగ్రాములు చేర్చి ఇచ్చినచో, రక్తమున చేరుట సుమారు 20 రెట్లు పెరిగినదని బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్యకళాశాలవారు 1998లో ప్రకటించిరి. అరకు కాఫీతోటలలో సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకొను మిరియమే ఇది. అయితే మిరియపు సారము ఇతరమైన మందుల పట్టును సైతము పెంచగలదు.

మాత్రల వలన మేలు లేకపోలేదు. థాయిలాండున 367 మంది మోకాలి రోగులపై జరిగి 2014లో వెలువడిన పరీక్షలో, రోజునకు 1500 మిల్లీగ్రాముల పసుపు సారము, నాలుగు వారములకు, ఇబుప్రొఫెన్‌తో ఇంచుమించు సమానముగ నొప్పిని తగ్గించినది. కడుపు బాధలు తక్కువ. ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌లో 70 మందికి 12 వారములు సారమునో, మందు లేని మాత్రనో ఇచ్చి చూచిరి. 2020లో ఫలితము వచ్చినది. సారము తిన్నవారికి నొప్పి కొంత తగ్గినది. కీలులోని నీరు, మృదులాస్థి మాత్రము మారలేదు. అరిగినది తిరిగి రాదన్నమాట. దుకాణదారు ఈ ముక్క చెప్పడు.

ఇటలీలో 2019లో పసుపు మాత్రలు వాడినవారిలో కొందరికి కాలేయపు వాపు కనుగొనబడినది. కన్నులు పచ్చబడినను, మూత్రము ముదురురంగు తిరిగినను తక్షణమే మాత్ర మాని ఆసుపత్రికి పోవలెను. రక్తము గడ్డకట్టకుండ మందులు వాడువారును, పిత్తాశయమున రాళ్ళున్నవారును వైద్యుని అడుగక వీనిని ముట్టరాదు. ఆయన సరే అన్నచో నాలుగు వారములు వాడి చూచి, గుణము కానరానిచో ఆ డబ్బు మిగుల్చుకొనవచ్చును. పసుపు నూరి వెచ్చచేసి పట్టు వేసికొను అవ్వను మేము వద్దనము. ఆ వెచ్చదనపు హాయి వేరు, ఈ మాత్రల లెక్క వేరు.