గాయపడిన సైనికుని ఇల్లు
(కల్వకుర్తిలో జరిగిన జ్ఞాపకార్థ కూడికలో చేసిన ప్రసంగము)



1971 యుద్ధములో కాలు పోగొట్టుకొని వచ్చిన మన సంఘపు పెద్దను మీరెరుగుదురు. అంగవికలురైన సైనికులకు పని నేర్పుటకు 1917లో ఆరంభమైన క్వీన్ మేరీస్ సంస్థలో, పూణే దగ్గరి కిర్కీలో, ఆయన చేతిపని నేర్చిరి. దానితోనే పిల్లలను చదివించిరి. భార్య లేవకముందే పొయ్యి రాజేసేవారు.

ఒక ఆదివారము ఆయనకు ముందు కుర్చీ వేయించితిని. ఆయన, “అయ్యగారూ, మా ఇంటామెకు వేయండి. నా కాలు ఒక్క దినంలో పోయింది. ఆమె ఇరవై ఏండ్ల నుండి నన్ను లేపి నిలబెడుతున్నది” అనిరి. వేదాంత కళాశాలలో నేర్వని పాఠము ఆనాడు నేర్చితిని, సిగ్గుపడితిని.

ఇప్పుడామె ఒంటరిగా చాపపై కూర్చుండుచున్నది. ఆయనను పొగడుట సులభము. ఈ ఆదివారము ఆమెకు కుర్చీ వేసి, ఇంటికి వెళ్లి యోగక్షేమములు విచారింతము. ఆమేన్.