విషాదవేళ పాట: ఆపించినవారు, ఆపుకున్నవారు

అచ్చంపేట చుట్టుపట్ల ఊళ్లలో చావు కబురును డప్పు చాటుతుంది. మంట మీద కాచిన తోలు బిగిశాక సిర్ర, సిటికెన పుల్ల పట్టి వేసే ఆ దెబ్బ పెళ్లి దెబ్బ కాదని వాకిట్లో ఆడుకునే పిల్లకూ తెలుస్తుంది. ఇంట్లో ఆడవాళ్లు రాగం తీసి ఏడుస్తారు. పోయినవాడి మంచితనం, తీరని అప్పు, పలకరించని అన్నదమ్ములు అన్నీ ఆ రాగంలోకి వస్తాయి. దింపుడు కల్లం దగ్గర పాడె దించగానే డప్పు ఆగుతుంది. అయినవాళ్లు చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. పలుకు రాదు. పాడె లేస్తుంది, డప్పు మళ్లీ అందుకుంటుంది. శోకంలో మౌనానికి ఈ సీమ ఇచ్చిన చోటు అంతే. విషాదవేళ పాటను ఎవరు ఆపాలన్న చర్చ ఈ కల్లం దగ్గరే మొదలుకావాలి.

సర్కారు సంతాపం తీరు వేరు. 1964 మే 27న నెహ్రూ, 1984 అక్టోబర్ 31న ఇందిర పోయినప్పుడు ఆకాశవాణిలో సినిమా పాటలు ఆగి, మాటల్లేని విషాద వాద్యం వినిపించింది. ఊరికో రేడియో ఉన్న కాలంలో ఆ తీగల మూలుగు వినగానే ఎవరో పెద్దవారు పోయారని జనం గుమిగూడేవారు. శోకమంటే మాటలుడిగిన సంగీతమని ఒక తరం అలా నేర్చుకుంది. శోకంలో మాట ఉంటే అది ప్రశ్న అవుతుందన్న జంకు ఆ పద్ధతిలో దాగి ఉంది. ఎమర్జెన్సీలో పాటను ఆపడానికి చావు కూడా అక్కరలేకపోయింది. సర్కారు ప్రచారానికి పాడనన్నందుకు 1976 మేలో కిశోర్ కుమార్ పాటలు ఆకాశవాణిలో మూగబోయాయి.

జాతీయోద్యమ కవి గరిమెళ్ల సత్యనారాయణ జైలు, నిజాం రాజ్యంలో సభలకు అడ్డుకట్ట వేసిన గస్తీ నిషాన్ 53, 1948లో మద్రాసు ప్రభుత్వం ‘మాభూమి’ నాటకాన్ని నిషేధించడం పాటను ఆపిన చరిత్రలో కొత్త సంగతులు కావు. అయితే ఉత్తర్వు కాగితం దొరికితేనే నిషేధం జరిగినట్టు లెక్కగట్టే పరిశోధనకు కాలం చెల్లింది. 1999 మేలో భువనగిరి గాయని బెల్లి లలితను చంపినవారికి ఏ గెజిట్ కావాల్సి వచ్చింది? అమెరికాలో 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత క్లియర్ ఛానల్ కంపెనీ తన రేడియో స్టేషన్లకు సుమారు 165 పాటల జాబితా పంపింది. జాన్ లెనన్ శాంతి గీతం ‘ఇమాజిన్’ కూడా అందులో ఉంది. తాము నిషేధించలేదని కంపెనీ చెప్పింది. ఆ మాట నిజమే కావచ్చు. అయినా జాబితా చేతికొచ్చాక ఆ పాట వేయాలంటే చేయి వెనకాడుతుంది. నోరు కట్టుకోవడం అక్కడే మొదలు.

పాలమూరుకు ఇది మరింత దగ్గరి అనుభవం. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డి, ఆయన కుమారుడు, మరికొందరు కాల్పులకు బలయ్యారు. జెండా పండుగ నాడు జరిగిన ఆ ఘాతుకానికి దుఃఖపడనివారు లేరు. రెండు రోజులకే ప్రభుత్వం మావోయిస్టు పార్టీతోపాటు విప్లవ రచయితల సంఘాన్నీ (విరసం) ప్రజాభద్రతా చట్టం కింద నిషేధించింది. కొన్ని నెలలకే విరసం మీది నిషేధం పోయింది. కానీ హత్యకూ కవిత్వానికీ ఒకే జాబితాలో చోటిచ్చిన ఆ నిర్ణయం తప్పు. ఆనాడు దాన్ని సమర్థించినవారు ఇప్పటికైనా పునరాలోచించాలి. అటు అన్నలు, ఇటు పోలీసులు ఉన్న ఆ రోజుల్లో నల్లమల అంచు ఊళ్లలో ఏ పేరు ఎత్తాలో, ఏది మింగాలో పాడేవాడే తూచుకోవాల్సి వచ్చేది. ఆ మింగిన చరణాలు ఏ దస్త్రంలోనూ దొరకవు.

శోకంలో పాట ఆగాలా, సాగాలా అన్నదాన్ని 2009 రెండు విధాలా చూపింది. సెప్టెంబర్ 2న అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ కృష్ణకు అవతల, ఇదే నల్లమలలో పావురాలగుట్ట మీద కూలింది. మరణవార్త తెలిసిన నాడే అనంత చతుర్దశి. గణపతిని పాటతో సాగనంపాలా, మైకు కట్టేయాలా అన్నది మండపాల దగ్గరి పిల్లలకు సంకటమైంది. మూడు నెలలు తిరిగేసరికి, తెలంగాణ కోసం ఒంటికి నిప్పంటించుకున్న శ్రీకాంతాచారి డిసెంబర్ 3న కన్నుమూశాడు. అప్పుడు పాట ఆగలేదు. ఉద్యమ ఆటపాటల ధూంధాం వేదికల మీద అమరుల పాటే తెలంగాణ శోకమైంది. దింపుడు కల్లం దాటిన డప్పు మళ్లీ అందుకున్నట్టే అది సాగింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మాదిగ దండోరా ఉద్యమకాలం నుంచి, వెట్టిగా చావుడప్పు కొట్టబోమన్న ఊళ్లున్నాయి. ఆ మౌనాన్ని భయం ఖాతాలో రాయకూడదు. అది ఆత్మగౌరవం. ఇంట్లో మైల ఉందని బతుకమ్మ ఆడని ఆడబిడ్డ మౌనం ఇంకో రకం. ఈ తేడాలు తెలియాలంటే పాట ఎక్కడ ఆగిందో, ఎవరు ఆపారో, మళ్లీ ఎప్పుడు అందుకున్నారో రాసిపెట్టాలి.

కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక పన్నెండు మెట్ల కిన్నెర మీద అందరి చూపూ పడింది. చాలా మంచిదే. ఆడవాళ్ల శోకాల మీద మాత్రం అంత చూపు పడలేదు. వాటిని సేకరించడం కష్టం. చావు లేని ఇంట శోకం తీయడం అరిష్టమని ఏ తల్లీ అడగగానే పాడదు. చావింట్లో రికార్డర్ పెట్టడం మర్యాద కాదు. ఏడాది మాసికం అయ్యాక, నమ్మకం కుదిరిన ఇంట్లో కూర్చుని, ఆమె చెప్పినంతే వినాలి. రాగం తీయనంటే మాటలే రాసుకోవాలి. వద్దన్న చోట పుస్తకం మూసేయాలి.